రిపేరుకిచ్చిన వస్తువు పాడై తిరిగొస్తే? తరచుగా అడిగే ప్రశ్నలు

2023లో మా అమ్మ చూసే టీవీలో ఒకరోజు ఉన్నట్టుండి బొమ్మ ఆగిపోయింది. మాటలు మాత్రం వినిపిస్తున్నాయి. కొన్న షాపుకే ఫోన్ చేస్తే ఒక కుర్రాడొచ్చి, "బ్యాక్‌లైట్ పోయిందమ్మా, రెండ్రోజుల్లో తెచ్చిస్తాం" అని ఆటోలో వేసుకుపోయాడు. పదో రోజున టీవీ తిరిగొచ్చింది. బొమ్మ ఉంది. బొమ్మతోపాటు ఎడమవైపు పైనుంచి కింది దాకా నాలుగు రంగుల గీతలూ ఉన్నాయి. అదేమిటంటే "ప్యానెల్ ముందే వీక్‌గా ఉందండీ" అన్నారు. ఆ గొడవలో కొంత నేర్చుకున్నాను. ఆ తర్వాత చుట్టాలకూ ఆఫీసులో వాళ్లకూ ఇలాంటి అర్జీలు రాసిపెడుతూ మరికొంత తెలుసుకున్నాను. నేను లాయర్‌ని కాను. నన్ను తరచుగా అడిగేవాటికి నాకు తెలిసిన జవాబులు ఇవి.

వస్తువు ఇచ్చేటప్పుడే చేయాల్సింది ఏమైనా ఉందా?

ఉంది. గొడవ సగం అక్కడే తేలిపోతుంది. కౌంటర్ దగ్గర ఇచ్చే జాబ్ షీట్‌ని మనం టోకెన్‌లా మడిచి జేబులో పెట్టుకుంటాం. అందులో "వస్తువు పరిస్థితి" అని ఒక గడి ఉంటుంది. చాలాసార్లు దాన్ని ఖాళీగా వదిలేస్తారు, లేదంటే అన్నిటికీ ఒకే మాటగా "గీతలున్నాయి" అని కొట్టేస్తారు. సంతకం పెట్టేముందు ఆ గడి చదవండి. "తెర బాగుంది, పగుళ్లు లేవు, ఛార్జింగ్ ఎక్కడం లేదు" అని రాయించండి. వాళ్లు రాయకపోతే మీరే పెన్ను తీసుకుని రాసి, ఫొటో తీసుకోండి. ఇంటికొచ్చి తీసుకుపోయేవాళ్లు అసలు చీటీయే ఇవ్వరు. అప్పుడు ఆ మనిషి నంబరుకు అక్కడే వాట్సాప్‌లో "ఫలానా వస్తువు, ఫలానా సీరియల్ నంబరు, ఈ రోజు మీకు అప్పగించాం" అని ఫొటోతో పెట్టండి. నీలం టిక్కులు పడితే చాలు.

నాలుగు పక్కల నుంచీ ఫొటోలు, సీరియల్ నంబరు ఉన్న స్టిక్కర్ ఫొటో, పనిచేస్తున్న భాగాలు పనిచేస్తున్నట్టు అర నిమిషం వీడియో తీయండి. ఫోన్ అయితే ఐఎంఈఐ నంబరు (ఒక్కో ఫోన్‌కు ఉండే గుర్తింపు నంబరు) రాసుకోండి.

మా విషయంలో ఇవేవీ నేను చేయలేదు. మమ్మల్ని కాపాడింది మా తమ్ముడి కుతూహలం. టీవీ ఆగిన రాత్రి వాడు ఎక్కడో చూసి, గదిలో లైటు ఆర్పి, తెరకు దగ్గరగా ఫోన్ టార్చి పెట్టి వీడియో తీశాడు. టార్చి పడిన చోట బొమ్మ లీలగా కదులుతూ కనిపించింది. అంటే ప్యానెల్ బతికే ఉంది, వెనకాల లైట్లే పోయాయి. వాడు టార్చిని తెరంతా తిప్పాడు. ఎక్కడా గీత లేదు.

పాడైందని ఇంటికొచ్చాక తెలిసింది. ముందేం చేయాలి?

వస్తువును ఇక విప్పించకండి. పక్క వీధి మెకానిక్ "నేను చూస్తా అన్నా" అన్నా సరే. ఒకసారి మూడో చేయి పడితే, ఆ పాపం ఎవరిదో తేల్చడం ఎవరి వల్లా కాదు. కనిపించిన లోపాన్ని వీడియో తీసి, అదే రోజు షాపుకు రాతలో చెప్పండి. ఫోన్‌లో అరిచిన అరుపులకు లెక్క ఉండదు. "ఇప్పుడే అందింది, పెట్టగానే గీతలు కనిపిస్తున్నాయి" అని ఒక్క వాక్యం మెసేజ్ పెడితే దానికి తేదీ, సమయం ఉంటాయి. వచ్చిన అట్టపెట్టె, థర్మోకోల్ కూడా పారేయొద్దు.

డెలివరీ తెచ్చినవాడు "అందింది, బాగుంది" అని సంతకం పెట్టమంటే, పెట్టి చూడకముందు "బాగుంది" అన్న మాట కొట్టేసి సంతకం చేయండి.

"ముందే అలా ఉంది" అంటున్నారు. కాదని ఎలా చూపాలి?

మనం రిపేరుకిచ్చిన వస్తువు చట్టం దృష్టిలో మన సొత్తే. షాపువాడు దాన్ని కొన్నాళ్లు కాపాడి తిరిగివ్వాల్సినవాడు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 151వ సెక్షన్ ప్రకారం, మామూలు తెలివి ఉన్న మనిషి తన సొంత వస్తువును ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో అంత జాగ్రత్త అతను తీసుకోవాలి. వెళ్లినప్పుడు బాగుందని మనం చూపగలిగితే, తగిన జాగ్రత్త తీసుకున్నామని చూపాల్సిన భారం వాళ్ల మీద పడుతుంది. అందుకే ఆ జాబ్ షీట్ గడి గురించి అంతసేపు చెప్పాను.

రెండోది, పని ఎలా జరుగుతుందో కాస్త తెలుసుకుంటే మాట్లాడటం తేలిక. టీవీలో బ్యాక్‌లైట్ స్ట్రిప్పులు మార్చాలంటే ముందున్న గాజు ప్యానెల్‌ని మొత్తంగా లేపి పక్కన పెట్టాలి. ప్యానెల్ అంచుకు సన్నటి రిబ్బన్ లాంటి ఫ్లెక్సులు అతికించి ఉంటాయి. లేపేటప్పుడు మూల కాస్త వంగినా, ఒక రిబ్బన్ కొంచెం చిరిగినా నిలువు గీతలు పడతాయి. ఈ పని ఇద్దరు మనుషులు పట్టుకుని చేయాల్సింది. ఒక్కడే చేస్తే ఏమవుతుందో మా టీవీలో కనిపించింది. ఫోన్లకూ ఇలాంటివే ఉన్నాయి. లోపల తెల్లటి చిన్న స్టిక్కర్ ఉంటుంది, నీళ్లు తగిలితే ఎర్రబడుతుంది. "నీళ్లు పడ్డాయి, వారంటీ పోయింది" అన్నప్పుడు ఆ స్టిక్కర్ ఫొటో అడగండి. మీ ముందే విప్పి చూపించమనండి.

మూడోది, ఇంకో టెక్నీషియన్ చేత విప్పకుండా చూపించి, లెటర్‌హెడ్ మీద రెండు వాక్యాలు రాయించుకోండి. చాలామంది "మాకెందుకండీ గొడవ" అని వెనక్కి తగ్గుతారు. కేసు వినియోగదారుల కమిషన్ (అందరూ కన్స్యూమర్ కోర్టు అనేది) దాకా వెళ్తే, అవసరమైనప్పుడు కమిషనే వస్తువును ల్యాబ్‌కు పంపగలదు. ఆ ఫీజు ముందు మనల్ని కట్టమనవచ్చు.

షాపు కంపెనీని అడగమంటుంది, కంపెనీ సర్వీస్ సెంటర్‌ని అడగమంటుంది. ఎవరిని పట్టుకోవాలి?

వస్తువు ఎవరి చేతికిచ్చారో వాళ్లనే ముందు. రశీదు ఎవరి పేరు మీద ఉందో చూడండి. షాపు తన చీటీ మీద తీసుకుని, ఎక్కడో బయటి మెకానిక్ చేత చేయించినా, మనకు జవాబు చెప్పాల్సింది షాపే. మనకు ఆ మెకానిక్ ఎవరో తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. షాపు కేవలం "అదిగో సర్వీస్ సెంటర్" అని దారి చూపించి, మనమే వెళ్లి ఇచ్చి ఉంటే షాపు పాత్ర తక్కువ. కమిషన్‌కు వెళ్లేటప్పుడు మాత్రం షాపు, సర్వీస్ సెంటర్, తయారీదారు అందరినీ ప్రతివాదులుగా చేర్చండి. ఎవరి వాటా ఎంతో వాళ్లు తేల్చుకుంటారు.

ఎక్స్‌టెండెడ్ వారంటీ కొన్నవాళ్లు ఆ కాగితం ఒకసారి తీసి చూడండి. అమ్మింది షాపే అయినా, హామీ ఇచ్చింది వేరే సంస్థ కావచ్చు.

చీటీ వెనక "రిపేరులో పాడైతే మా బాధ్యత లేదు" అని అచ్చు వేశారు. అంతటితో అయిపోయినట్టేనా?

కాదు. అలాంటి షరతులకు కొంత విలువ ఉంది కానీ, నిర్లక్ష్యంగా పగలగొట్టడానికి అది లైసెన్సు కాదు. జిల్లా కమిషన్‌లో మనం వాదించేది "సేవా లోపం" అనే మాట మీద. ఒక చిన్న మెలిక ఉంది. ఆ షరతే అన్యాయమైన కాంట్రాక్టు, దాన్ని కొట్టేయండి అని అడగాలంటే 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం రాష్ట్ర కమిషన్‌కు వెళ్లాలి. మామూలు టీవీ, ఫోన్ గొడవకు అంత దూరం అక్కర్లేదు.

"వారంటీలో ఉచితంగా చేశాం, ఉచిత సేవకు వినియోగదారుల చట్టం వర్తించదు" అంటున్నారు.

పూర్తిగా ఉచితమైన సేవకు వర్తించదన్న మాట నిజమే. వారంటీ మాత్రం ఉచితం కాదు. దాని ఖరీదు మీరు వస్తువు కొన్న రోజే కట్టారు.

రిపేరు డబ్బులు కడితేనే వస్తువు ఇస్తామంటున్నారు. కట్టాలా?

చేసిన పనికి డబ్బు వచ్చేదాకా వస్తువును ఆపుకునే హక్కు రిపేరు చేసినవాడికి ఉంది. అదే కాంట్రాక్టు చట్టం 170వ సెక్షన్. కాకపోతే పని సవ్యంగా చేసి ఉండాలి. గుమ్మంలో నిలబడి ఈ సెక్షన్ మీద వాదించడం కంటే తేలిక మార్గం ఒకటుంది. డబ్బు కట్టి, బిల్లు రెండు కాపీల మీదా "తెరపై గీతలున్నాయి, అభ్యంతరంతో చెల్లిస్తున్నాను" అని రాసి సంతకం పెట్టండి. వస్తువు మన చేతిలోకొస్తుంది, ఫిర్యాదు హక్కూ పోదు. యూపీఐలో కడితే నోట్ దగ్గర కూడా అదే మాట టైప్ చేయవచ్చు.

కొత్తది ఇమ్మని అడగవచ్చా?

అడగవచ్చు. ఇవ్వకపోవచ్చు. నాలుగేళ్లు వాడిన టీవీకి బదులు కొత్త టీవీ ఇప్పించడానికి ఎవరూ అంత తొందరగా ఒప్పుకోరు, నిజానికి న్యాయం కూడా కాదు. నా అనుభవంలో పనిచేసిన వరస ఇది: మొదట, వాళ్ల ఖర్చుతోనే మునుపటి స్థితికి తేవాలి. కుదరకపోతే అదే రకం, అదే వయసున్న వస్తువు ఇవ్వాలి. అదీ కాదంటే, పాడవ్వకముందు దానికున్న విలువ, కట్టిన రిపేరు ఛార్జీ వెనక్కి ఇవ్వాలి. గడువు పెట్టి ఈ మూడింట్లో ఒకటి ఎంచుకోమనండి. వాళ్లకు ఎంచుకునే వీలుంటే కోపం తగ్గుతుంది.

కమిషన్‌కు వెళ్తే మానసిక వేదనకు పరిహారం, కేసు ఖర్చులు కూడా అడగవచ్చు. పది వేల మిక్సీకి ఐదు లక్షలు అడిగితే మాత్రం మన మీదే నమ్మకం పోతుంది.

లెటర్ ఎలా రాయాలి?

పొట్టిగా. తిట్లు వద్దు, "నేను ఎంతో నమ్మి మీ దగ్గరికి వస్తే" అనే కథ వద్దు. మా అమ్మ పేరు మీద నేను రాసినది దాదాపు ఇలా ఉంది:

"మేనేజర్ గారికి, 2019లో మీ షాపులో కొన్న 43 అంగుళాల టీవీని బొమ్మ రావడం లేదని మీ ప్రతినిధి మా ఇంటి నుంచి తీసుకెళ్లారు. తీసుకెళ్లే ముందు తెర మీద గీతలు లేవు (వీడియో జతచేశాను). పది రోజుల తర్వాత తిరిగి ఇచ్చినప్పుడు ఎడమవైపు నాలుగు నిలువు గీతలు ఉన్నాయి (ఫొటో జతచేశాను). ఇది మీ అధీనంలో ఉండగా జరిగింది. ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లో ప్యానెల్‌ని మీ ఖర్చుతో మార్చండి, లేదా రూ. 13,000 మరియు రిపేరు ఛార్జీ తిరిగి చెల్లించండి. లేనిపక్షంలో వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయిస్తాను."

దీన్ని ఈమెయిల్‌లోనూ, పోస్టులోనూ పంపండి. రిజిస్టర్డ్ పోస్టును 2025 సెప్టెంబరు నుంచి స్పీడ్ పోస్టులో కలిపేశారు కాబట్టి స్పీడ్ పోస్టే, అందినట్టు రుజువు వచ్చేలా. పెద్ద షాపు అయితే బ్రాంచికి కాకుండా బిల్లు మీదున్న హెడ్డాఫీసు చిరునామాకు కూడా ఒక కాపీ వేయండి. బ్రాంచి మేనేజర్ సొరుగులో పడిన ఉత్తరం అక్కడే నిద్రపోతుంది.

1915కి ఫోన్ చేస్తే ఉపయోగం ఉంటుందా?

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ అది. తెలుగులో మాట్లాడవచ్చు, డబ్బు ఖర్చు లేదు. దానితో చేతులు కలిపిన పెద్ద కంపెనీలకు ఫిర్యాదు నేరుగా చేరుతుంది, వాళ్లు చాలాసార్లు కదులుతారు. ఆదేశం ఇచ్చే అధికారం మాత్రం దానికి లేదు. ఊళ్లోని ఒకే ఒక్క షాపు మీద చేస్తే ఫలితం తక్కువ. అయినా డాకెట్ నంబరు (ఫిర్యాదు నమోదు నంబరు) దొరుకుతుంది, మనం ముందే ప్రయత్నించామని చూపడానికి అది పనికొస్తుంది.

కమిషన్‌లో కేసు వేయడం ఎంత కష్టం? లాయర్ కావాలా?

లాయర్ తప్పనిసరి కాదు. మనమే రాసి, మనమే చెప్పుకోవచ్చు. ఇప్పటికీ అందరూ "కన్స్యూమర్ కోర్టు", "ఫోరం" అనే అంటారు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 2020 జులై 20న అమల్లోకి వచ్చాక దాని పేరు జిల్లా వినియోగదారుల వివాదాల పరిష్కార కమిషన్. కట్టిన మొత్తం 50 లక్షల రూపాయల లోపు ఉంటే జిల్లా కమిషనే. 5 లక్షల దాకా ఫీజు సున్నా. ఇంట్లో వాడే వస్తువుల గొడవలు దాదాపు అన్నీ ఈ సున్నా ఫీజు కిందికే వస్తాయి.

పాత చట్టంతో పోలిస్తే నాకు బాగా నచ్చిన మార్పు ఇంకోటి: మీరు ఉంటున్న జిల్లాలోనే వేయవచ్చు. హైదరాబాద్‌లో కొని, హైదరాబాద్‌లో పాడుచేయించుకుని, ఉద్యోగం మారి రాజమండ్రి వచ్చేశారనుకోండి. వాయిదాల కోసం రైలెక్కక్కర్లేదు.

ఫిర్యాదు, తేదీల వారీగా జరిగిన సంగతుల పట్టిక, అఫిడవిట్, కాగితాల కాపీలు ఉండాలి. ప్రతి ప్రతివాదికీ ఒక సెట్టు. 2025 జనవరి 1 నుంచి ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనే వేసే వీలుంది. స్కానింగ్ సరిగ్గా లేదని వెనక్కి పంపుతారు, ఓపిక పట్టండి. వాట్సాప్ ప్రింట్లు పెట్టినా అసలు మెసేజ్‌లు ఉన్న ఫోన్‌ని అమ్మేయకండి.

గొడవ మొదలైన రోజు నుంచి రెండేళ్లలోపు వేయాలి. "ఇదిగో చేస్తాం, అదిగో చేస్తాం" అంటూ తిప్పుకునే షాపులకు ఈ సంగతి బాగా తెలుసు. నోటీసు అందాక ప్రతివాది 30 రోజుల్లో జవాబివ్వాలి, మహా అయితే ఇంకో 15 రోజులు. అంతకు మించి ఒక్కరోజు కూడా లేదని 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చేసింది. కేసు మూడు నెలల్లో, ల్యాబ్ పరీక్ష ఉంటే ఐదు నెలల్లో తేలాలని చట్టంలో ఉంది. ఆచరణలో అంతకంటే ఎక్కువే పడుతుందని మనసులో పెట్టుకుని దిగండి. మధ్యలో మీడియేషన్‌కు వెళ్దామా అని అడుగుతారు. వెళ్లండి. చాలా షాపులు అక్కడ రాజీకొస్తాయి, పేపర్లో పేరు పడటం వాళ్లకూ ఇష్టం ఉండదు.

లాయర్ కావాలనిపించి డబ్బు లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లవచ్చు. ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది.

ఆర్డర్ వచ్చినా ఇవ్వకపోతే?

అమలు చేయించమని అదే కమిషన్‌లో పిటిషన్ వేయాలి. ఆర్డర్ పాటించనివారికి నెల నుంచి మూడేళ్ల దాకా జైలు, లేదా 25 వేల నుంచి లక్ష దాకా జరిమానా, లేదా రెండూ వేయవచ్చు. వాళ్లు అప్పీలుకు వెళ్లాలంటే 45 రోజుల్లో, ఇవ్వాల్సిన మొత్తంలో సగం డిపాజిట్ చేసి వెళ్లాలి. చిన్న మొత్తాలకు చాలామంది ఆ తలనొప్పి పెట్టుకోరు.

బిల్లు లేదు, చీటీ లేదు. సందు చివర చిన్న షాపులో ఇచ్చాను.

యూపీఐలో కట్టిన వివరం, ఫోన్ కాల్స్, వాట్సాప్ మాటలు కూడా సాక్ష్యమే. అయితే నిజం చెప్పాలంటే, ఆరొందల ట్రిమ్మర్ కోసం కమిషన్ దాకా వెళ్లమని నేనెవరికీ చెప్పను. ఆ షాపాయన రేపూ మన వీధిలోనే ఉంటాడు. "రిపేరు డబ్బులు వద్దులెండి, పార్టు ఖర్చు చెరిసగం" అంటే ఒప్పేసుకోవడం మేలు.

నేను టైలర్‌ని. కుట్టుమిషన్ మోటారు మార్చమంటే మిషనే పాడుచేశారు. వ్యాపారానికి వాడేదాన్ని వినియోగదారుడు కాదంటున్నారు.

సొంతంగా పనిచేసుకుని బతకడం కోసం వాడేదైతే మీరు వినియోగదారులే. చట్టంలోనే ఆ మినహాయింపు ఉంది. టిఫిన్ బండి గ్రైండర్‌కూ ఇదే వర్తిస్తుంది. ఇరవై మందిని పెట్టుకుని నడిపే యూనిట్ అయితే కష్టం.

ఫ్రిజ్ మా అబ్బాయి అమెరికా నుంచి ఆన్‌లైన్‌లో కొని పంపాడు. బిల్లు వాడి పేరు మీద ఉంది. మేం వేయవచ్చా?

వేయవచ్చు. కొన్నవాళ్ల అనుమతితో వాడుకునేవాళ్లూ వినియోగదారులే. అబ్బాయి దగ్గర్నుంచి బిల్లు పీడీఎఫ్, "ఇది అమ్మానాన్నల కోసం కొన్నాను" అని ఒక ఈమెయిల్ తెప్పించుకోండి. ఆన్‌లైన్ సైటు ద్వారా రిపేరుకు పంపి ఉంటే, ముందు దాని గ్రీవెన్స్ ఆఫీసర్‌కు రాయండి. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం 48 గంటల్లో అందిందని చెప్పాలి, నెలలో పరిష్కరించాలి.

ఫోన్‌లో ఫొటోలన్నీ పోయాయి. పార్టు కూడా మార్చేశారని అనుమానం.

ఫొటోల విషయంలో ఆశ పెట్టుకోకండి. డేటాకు బాధ్యత లేదని దాదాపు ప్రతి జాబ్ షీట్‌లో ఉంటుంది, ఇచ్చేముందు బ్యాకప్ తీసుకోవడం మన పనే అంటారు. పార్టు మార్పు వేరే సంగతి. మార్చిన పాత పార్టులు వెనక్కి ఇమ్మని మొదటే చీటీలో రాయించండి. "అవి కంపెనీకి పంపాలి" అంటే, ఆ మాటా రాతలో తీసుకోండి.

పట్టుచీర రోల్ పాలిష్‌కిస్తే జరీ నల్లబడింది. ఇదే పద్ధతా?

ఇదే. ఇచ్చేముందు కొంగూ అంచూ పరిచి ఫొటో తీయండి. రశీదు మీద "చీర 1" అని కాకుండా రంగు, జరీ, సుమారు ధర రాయించండి. కొన్ని రశీదుల మీద పోతే ఛార్జీకి ఇన్ని రెట్లే ఇస్తామని ఉంటుంది. ధర ముందే రాయించి ఉంటే ఆ మాటను ఎదుర్కోవడం తేలిక. బంగారం అతుకుకిస్తే ముందూ వెనకా తూకం, మీ కళ్ల ముందే.

పోలీసు స్టేషన్‌కు వెళ్తే తొందరగా తేలదా?

పాడుచేయడం వరకు అది సివిల్ గొడవ, స్టేషన్‌లో రెండు గంటలు కూర్చోబెట్టి పంపేస్తారు. వస్తువే ఇవ్వనంటే, మోసం చేసి పార్టులు మార్చినట్టు రుజువుంటే అప్పుడు వేరు.

మీ టీవీ సంగతి చివరికి ఏమైంది?

మొదటి ఉత్తరానికి జవాబు లేదు. హెడ్డాఫీసుకు పంపిన రెండోదానికి ఐదో రోజున ఫోన్ వచ్చింది. ప్యానెల్ ధరలో సగం మేం కడితే మారుస్తామన్నారు. కాదన్నాం. తమ్ముడి టార్చి వీడియో ఇంకోసారి పంపాను. చివరికి రిపేరు ఛార్జీ వెనక్కిచ్చి, పైన 11,000 ఇచ్చి, టీవీ వాళ్లే తీసుకుపోతామన్నారు. రెండు వేల దగ్గర బేరం ఆపేసి ఒప్పుకున్నాం.

టీవీ తీసుకుపోవడానికి మళ్లీ అదే కుర్రాడొచ్చాడు. వాడు చీటీ మీద సీరియల్ నంబరు, తేదీ, "గీతలున్న టీవీ" అని రాసి సంతకం పెట్టేదాకా అమ్మ దాన్ని గుమ్మం దాటనివ్వలేదు.